సీత–అనసూయల ప్లేట్లు

ఇటు జరగండర్రా, గాలి అటు కొడుతోంది, పొగంతా మీ కళ్ళల్లోకే వస్తుంది. అమ్మాయ్, పసిదానికి చెవుల మీదుగా శాలువా కప్పు. పిడకల దండలన్నీ ఒక్కసారే వేసేయకండి, తెల్లారేదాకా మంట నిలవాలి.

వీధి చివర మైకులో ఆ పాట వస్తోంది, విన్నారా? ‘మొక్కజొన్న తోటలో’. ఏ సినిమాలోది మామ్మా అని చిన్నాడు ఇందాకే అడిగాడు. 1969లో ‘అదృష్టవంతులు’ అనే సినిమాలో సుశీల గారు పాడారు, నిజమే. ఎంతో బాగా పాడారు. కానీ ఆ పాట సినిమా కోసం పుట్టింది కాదురా. కొనకళ్ళ వెంకటరత్నం గారు రాసిన పాట అది. సినిమాకెక్కక ముందే సభల్లో పాడి పాడి దాన్ని జనం నోట నిలిపిన వాళ్ళు కాకినాడ అక్కచెల్లెళ్ళు, వింజమూరి అనసూయాదేవి గారు, సీతాదేవి గారు. మా రోజుల్లో వాళ్ళ పేర్లు విడివిడిగా అనేవాళ్ళం కాదు. సీత–అనసూయ అంటే ఇద్దరికీ కలిపి ఒకటే పేరు.

ఈ ఏటి భోగికి వాళ్ళ ముచ్చటే చెప్తాను. దెయ్యం కథ రేపు చెప్పుకుందాం.

మనకి త్యాగరాజ కీర్తన ఉంది, ఘంటసాల గారి పద్యం ఉంది, సినిమా పాట సరేసరి. వాటిని ఎలా దాచుకోవాలో మనకి బాగానే తెలుసు. ఈ అక్కచెల్లెళ్ళ జానపదం ప్లేట్లు మాత్రం దాచుకోవాల్సినంతగా దాచుకోలేదు, చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోలేదు. నన్నడిగితే తెలుగులో వచ్చిన గ్రామఫోను ప్లేట్లన్నిట్లోనూ వాటికే పెద్దపీట వేస్తాను. ఎందుకో చెప్తా, వినండి.

మా పుట్టిల్లు వీరవాసరం దాటాక కాలవగట్టు మీద ఉన్న ఊరు. మా నాన్నగారికి పాటంటే ప్రాణం. సార్వా ధాన్యం అమ్ముడయ్యాక భీమవరం వచ్చి, ఇంటిక్కావలసిన సరుకులతో పాటు ఒకటో రెండో ప్లేట్లు కొనుక్కొచ్చేవారు. వాటిని పెట్టుకోవటానికి ఒక అట్టపుస్తకం ఉండేది. లోపల మందపాటి కాగితం జేబులు, ఒక్కో జేబులో ఒక్కో ప్లేటు. దాన్నే ఆల్బం అనేవాళ్ళం. అందులో కీర్తనలుండేవి, నాటకాల పద్యాలుండేవి. మన రాజమండ్రి అమ్మాయి టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన ‘మా తెలుగుతల్లికి’ ఉండేది. చివరి జేబుల్లో సీత–అనసూయలవి. ఆ చివరి జేబుల అంచులే ముందు నలిగిపోయాయి. ఏవి ఎక్కువసార్లు బయటికొచ్చేవో దాన్ని బట్టి తెలిసేది.

గ్రామఫోను మీరు సినిమాల్లో చూసుంటారు. మాది గొట్టం లేనిది, నల్లపెట్టె. మూత తీస్తే ప్లేటు కూర్చునే చక్రం మీద బనాతు గుడ్డ. పక్కన కీ. అది తిప్పటం ఒక విద్య. ఎక్కువ తిప్పితే లోపల స్ప్రింగు తెగుతుంది. తక్కువ తిప్పితే పాట సగంలో చక్రం నెమ్మదించి ఆడగొంతు కాస్తా మగగొంతులా సాగిపోతుంది. ముల్లు ఉక్కుది, ప్లేటు మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలి. అరిగిన ముల్లుతో వేస్తే గాడి చెడిపోతుంది. కుక్కబొమ్మ ఉన్న చిన్న రేకుడబ్బీలో ముళ్ళుండేవి. అది నా స్వాధీనంలో ఉండేది. ఇంట్లో తాళాలు అమ్మవి, ముళ్ళడబ్బీ నాది.

ప్లేటంటే ఇప్పటి ప్లాస్టిక్ కాదు. లక్కలో రాతిపొడి కలిపి చేసేవారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో హిజ్ మాస్టర్స్ వాయిస్ వాళ్ళ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల ప్లేటుకి ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల పాట, కాస్త అటూ ఇటూ. చెయ్యి జారిందా, పెంకులే. ఆ మూడు నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

ఇక వాళ్ళ సంగతి. అనసూయ గారు 1920 మే 12న కాకినాడలో పుట్టారు. సీత గారు చెల్లెలు. నాన్నగారు వింజమూరి లక్ష్మీనరసింహారావు గారు నాటకాలూ సాహిత్యమూ ఊపిరిగా బతికినాయన. అమ్మ వెంకటరత్నమ్మ గారు ఆ రోజుల్లోనే ఆడవాళ్ళ కోసం పత్రిక నడిపారు. ఆ పత్రిక పేరూ ‘అనసూయ’. మేనమామ ఎవరనుకున్నారు, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు! ఆయన రాసిన ‘జయ జయ జయ ప్రియభారత’ మీరంతా బడి ప్రార్థనలో పాడారుగా. ఆ పాటకి వరస కట్టింది ఈ అనసూయ గారే. పాట రాసినాయన పేరు పుస్తకంలో ఉంటుంది, వరస కట్టినావిడ పేరు మీకెవరూ చెప్పి ఉండరు. వాళ్ళకి రావాల్సిన పేరు ఎలా రాలేదో అక్కడే తెలుస్తుంది.

ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే అనసూయ గారు గ్రామఫోనుకి పాడారు. సంగీతం క్షుణ్ణంగా నేర్చారు, హార్మోనియం మీద చెయ్యి తిరిగినావిడ. అలాంటి చదువూ సంగీతమూ ఉన్న ఇంటి ఆడపిల్లలు సభకెక్కి, పదిమంది ముందూ ఊడ్పుల పాటా దంపుళ్ళ పాటా పడవ పాటా పాడటం అప్పట్లో ఎంత సాహసమో మీకు తెలీదు. అసలు ఆడపిల్ల సభలో పాడితేనే గుసగుసలాడేవారు. పాడినా కీర్తన పాడాలి, జావళి పాడాలి. పొలంలో కూలిజనం పాడుకునేదాన్ని సంగీతం అనే మాటతో కలిపేవారే కాదు. మా నాన్నమ్మ సంగతే చెప్తాను. మొదటిసారి ఆ ప్లేటు వేసినప్పుడు ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ‘ఊడ్పుల పాటలు ఇంట్లో పెట్టుకుంటారుట్రా?’ అంది. ‘కాకినాడ పిల్లలు పాడారమ్మా, కృష్ణశాస్త్రి గారి మేనకోడళ్ళు’ అన్నారు నాన్నగారు. ఆవిడ మరి మాట్లాడలేదు. గుమ్మం పక్కన చతికిలబడి రెండో వైపు కూడా వేయించుకుని వింది.

ఆ ప్లేట్లలో గొప్పేమిటంటే, ముందు గొంతులు. సంగీతం బాగా వచ్చినవాళ్ళు జానపదం పాడితే మామూలుగా రెండు తప్పులు జరుగుతాయి. నేర్చుకున్న గమకాలన్నీ తెచ్చి ఆ చిన్న పాట మీద గుమ్మరిస్తారు, పాట ఊపిరాడక చస్తుంది. లేదూ పల్లెటూరిదాన్ని అనిపించుకోవాలని గొంతు కావాలని మోటుచేస్తారు, అప్పుడది వెక్కిరింపవుతుంది. ఈ ఇద్దరూ రెండూ చెయ్యలేదు. గమకం ఎలా వెయ్యాలో తెలుసు, ఎక్కడ వెయ్యకూడదో ఇంకా బాగా తెలుసు. పాట ఎంత సూటిగా ఉందో అంత సూటిగా పాడేవారు. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ అదే వరస, కానీ ఒక్కోసారి ఒక్కో మాట మీద ఊనిక. మరదలు బావని పిలిచే పాటైతే మొదటిసారి అది పిలుపు, రెండోసారి అలక, మూడోసారి బతిమాలుకోవటం. వరస మారకుండానే మనసు మారేది. అది ఎవరి దగ్గర నేర్చుకుంటే వస్తుంది?

రెండోది మాట. పాటలో ‘వత్తాడు’ అని ఉంటే ‘వత్తాడు’ అనే పాడారు. దాన్ని ‘వస్తాడు’ చేసి, చలవచేసి మడత పెట్టలేదు. నండూరి సుబ్బారావు గారు 1925లో ‘ఎంకిపాటలు’ అచ్చువేసి గోదావరి పల్లె మాటకి కావ్యంలో చోటిచ్చారు కదా. ఆయన ఏలూరులో ప్లీడరు. కోర్టులో ఇంగ్లీషు, పాటలో ఎంకీ నాయుడుబావల మాట. కాగితం మీద ఆయన చేసిన పనిని గొంతుతో చేసింది ఈ అక్కచెల్లెళ్ళు. ఎంకిపాటలు కూడా వాళ్ళ నోట ఎంతో బాగుండేవి.

మూడోది దరువు. ఇది మీ తరానికి చెప్తే గానీ తెలీదు. పనిపాటకి తాళం పనిలోంచే వస్తుంది. వడ్లు దంచేటప్పుడు ఒకే రోటి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒక రోకలి లేస్తే ఒక రోకలి పడాలి. తాళం తప్పితే రెండూ ఢీకొంటాయి, చేతులు అదిరిపోతాయి. అందుకే ‘సువ్వి’ అనే మాట సరిగ్గా రోకలి పడే చోటే పడుతుంది, పైకెత్తేటప్పుడు ఊపిరి తీసుకుంటారు. ఊడ్పుల పాట దారి వేరు. వంగుని, ఎడంచేత్తో నారుకట్ట పట్టుకుని, కుడిచేత్తో కుదుళ్ళు గుచ్చుతూ వెనక్కి వెనక్కి నడవాలి. దానికి పరుగు పనికిరాదు. గుచ్చేటప్పుడు ఒక ఊపు, అడుగు వెనక్కి వేసేటప్పుడు ఒక సాగు. పొద్దుటినించీ సాయంత్రం దాకా నడుం విరగకుండా నిలబెట్టేది ఆ సాగే. పడవ పాటైతే తెడ్డు వెయ్యటానికొకటి, గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగటానికొకటి.

ఆ ప్లేటులో రోకలి లేదు, మడి లేదు, తెడ్డు లేదు. పక్కవాద్యాలున్నాయి, మద్రాసు వాసన ఉంది. అయినా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకున్నారు వాళ్ళు. నేను దంపుళ్ళు చేసిన పిల్లని. ప్లేటు వింటూ కూచుంటే నా చేతులు వాటంతటవే రోకలి కోసం లేచేవి. పనిలోంచి పాటని తీసేశారు గానీ పాటలోంచి పనిని తియ్యలేదు.

ఇప్పుడు అసలు ముచ్చట.

ఆషాఢం వెళ్ళే రోజులు. మా పొలాల్లో సార్వా ఊడ్పులు సాగుతున్నాయి. ఉన్నట్టుండి ఇంత లావు చినుకులతో వాన పట్టుకుంది. ఊడ్చే ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి మా అరుగు చూరు కింద నిలబడ్డారు. మోకాళ్ళ దాకా బురద, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తలల మీద గోనెసంచి కొంగులు. లోపల నాన్నగారు సీత–అనసూయల ప్లేటు వేశారు. బావని పిలిచే పాట అది. వాన చప్పుడులో కూడా పాట బయటికి వినబడుతోంది. మాట్లాడుకుంటున్న వాళ్ళంతా ఒక్కొక్కరే ఊరుకున్నారు. ఒకావిడ పెదాలు కదుపుతోంది. ఇంకొకావిడ నారు గుచ్చే చేత్తోనే తొడ మీద దరువేస్తోంది, తడి మట్టి పెళ్ళలు రాలుతున్నాయి.

ప్లేటు అయిపోయింది. ముల్లు చివరి గాడిలో గీరుకుంటూ తిరుగుతోంది. అప్పుడు వాళ్ళలో పెద్దావిడ అంది: ‘అయ్యగారూ, ఇది మా పాటేనండి. మాయమ్మ పాడేది. దీనికి ఎనకాల ఇంకా శానా ఉందండి.’

నాన్నగారు ముల్లు ఎత్తి, బయటికొచ్చి, ‘ఏదమ్మా, ఆ ఉన్నది పాడు’ అన్నారు.

ఆవిడ కొంచెం తటపటాయించింది. తర్వాత అక్కడే స్తంభానికి ఆనుకుని ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. ప్లేటులో మరదలు బావని పిలవటంతో పాట అయిపోయింది. వాళ్ళ పాటలో బావొచ్చాడు, పెళ్ళయింది, అత్తింటికి పంపారు, అక్కడ అత్తగారి ఆరళ్ళు, పుట్టింటి మీద బెంగ, అన్న బండి కట్టుకుని రావటం, పంపనని అత్తగారు, పంపమని మామగారు. ఒక ఆడదాని బతుకంతా అందులో వచ్చింది. వాన వెలిసింది గానీ పాట అవ్వలేదు. పాడుకుంటూనే మళ్ళీ మడిలోకి దిగారు. నేను గట్టు మీద నిలబడి విన్నాను. ఆ చివర ఏమైందో నాకు వినపడలేదు, దూరమైపోయారు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు అన్న మాట నాకిప్పటికీ గుర్తు. ‘వీళ్ళు మన పొలంలో మా నాన్న కాలం నించీ పాడుతున్నారు. ఒక్కనాడు నేను పాడమ్మా అని అడగలేదు’ అన్నారు.

సీత–అనసూయల ప్లేట్ల గొప్పతనం నాకు అక్కడ తెలిసింది. మూడు నిమిషాల్లో మొత్తం పాట పట్టదు, అది ఎవరి తప్పూ కాదు, ప్లేటు అంతే. కానీ ఆ మూడు నిమిషాలు విన్నాక, అరుగు మీద కూర్చున్న మనిషి అరుగు కింద నిలబడ్డ మనిషిని ‘ఏదమ్మా, పాడు’ అని మర్యాదగా అడిగాడు. ఒక ప్లేటు అంతకన్నా ఏం చెయ్యాలి? పెద్దింటి పిల్లల నోట విన్నాక గానీ కూలింటి పాట పాటగా వినబడలేదు, అది మన సిగ్గు. ఆ సిగ్గు తెలిసేలా చేసిన పుణ్యం మాత్రం వాళ్ళది.

ఆ కాలంలో ఈ పని చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. రాజమండ్రి వైపు నేదునూరి గంగాధరం గారని, ఊళ్ళు తిరిగి పాటలు రాసుకునేవారు. ‘మిన్నేరు’ లాంటి పుస్తకాలు వేశారు. హైదరాబాదులో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీదే పరిశోధన చేశారు, ఆ గ్రంథం 1958లో అచ్చయింది. మన భీమవరంలోనే పుట్టిన అడివి బాపిరాజు గారు ఉన్నారుగా, బొమ్మలేశారు, నవలలు రాశారు, గోదావరి వరద మీద పల్లె వరసలో పాట కట్టారు. ఆయనా నండూరి వారూ ఒకే ఏడు, 1895లో పుట్టారు. వీళ్ళందరూ పల్లె పాటని చేతుల్లోకి తీసుకుని చూసినవాళ్ళు. ఎవరి గొప్ప వాళ్ళది. కానీ పుస్తకంలో పాటకి వరస ఉండదు. పాట చచ్చాక కూడా మాట కాగితం మీద బతుకుతుంది, వరస మాత్రం గొంతు ఉంటేనే ఉంటుంది. ఆ వరసని గాడిలో గీసి మనకిచ్చింది ఈ ఇద్దరు ఆడవాళ్ళు.

మరి ఎందుకు రాలేదు రావాల్సినంత పేరు? ఒకటి, సినిమా. జానపదం వరస బాగుంటే సినిమా తీసుకుంటుంది, ఆ తర్వాత అది సినిమా పాటే. చిన్నాడు అడిగాడుగా, ఏ సినిమాలోది అని. రెండు, సంగీతం వాళ్ళు దాన్ని తక్కువ సరుకన్నారు, సాహిత్యం వాళ్ళు పాటని పుస్తకంలో చదువుకున్నారు గానీ చెవితో వినలేదు. మూడు, అది ఆడవాళ్ళ పాట. బుర్రకథ చూడండి. గుంటూరు వైపు పొన్నెకల్లు నాజరు గారు బుర్రకథని ఆకాశానికెత్తారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి, ఎంతో సంతోషించాం. మొగల్లు వాళ్ళ బిడ్డ అల్లూరి కథ ఆయన చెప్తే మా ఒళ్ళు గగుర్పొడిచేది. బుర్రకథకి వేదిక ఉంది, వీరుడున్నాడు, కత్తి ఉంది. ఊడ్పుల పాటలో ఏముంది? ఒక మరదలు, ఒక బావ, ఒక అత్తగారు, ఒక నారుకట్ట. దాన్ని ఎవరు పెద్దగా లెక్కపెడతారు?

నాలుగోది, ప్లేటు కూడా పోయింది. రేడియో వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియోలో జానపదం బాగానే వచ్చేది, కానీ గాలిలో వచ్చింది గాలిలోనే పోయేది. తర్వాత పెద్ద ప్లేట్లు, క్యాసెట్లు. కీ తిప్పే పెట్టెలు అటకలెక్కాయి. ఎండకి కొన్ని ప్లేట్లు వంకర్లు పోయాయి, ఇల్లు మారేటప్పుడు కొన్ని పగిలాయి. మా ఆల్బం నా పెళ్ళికి నాతోపాటు ఈ ఇంటికి వచ్చింది. మీ తాతగారు ఉన్నన్నాళ్ళూ దాన్ని నేల మీద పెట్టనివ్వలేదు.

ఆ అక్కచెల్లెళ్ళు మాత్రం ప్లేట్లతో ఆగిపోలేదు. సీత గారు హైదరాబాదు రేడియోలో జానపద సంగీతం చూసుకునేవారు, దాని మీదే పరిశోధన చేశారు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాకి సంగీతం చేసినవాళ్ళలో ఆవిడ ఉన్నారు. గద్దర్ గారు ‘బండెనక బండి కట్టి’ పాడింది ఆ సినిమాలోనేరా. చూడండి, గోదావరి పాటతో పెరిగిన మనిషి తెలంగాణ రైతు పోరాటం పాటల దగ్గర కూర్చుని, వాటి యాస వాటికి ఉంచి సంగీతం చేశారు. పాటని దిద్దకూడదన్న నియమం అక్కడా తప్పలేదు. అనసూయ గారు పాటలకి స్వరాలు రాసి పుస్తకాలు వేశారు. చివరికాలం అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్నారు. వాళ్ళమ్మాయి రత్నపాప గారు అక్కడ కూచిపూడి నేర్పిస్తారు. 2019 మార్చిలో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో అనసూయ గారు అక్కడే పోయారు. ఆ రోజు ఈ ఇంట్లో దీపం పెట్టాను. నాకు ఆవిడ చుట్టం కాదు, ఒక్కసారైనా ఎదురుగా చూసింది లేదు. ముళ్ళడబ్బీ పట్టుకుని కూర్చున్న పిల్లకి ఆవిడ గొంతు ఇంటి మనిషి గొంతు.

ఇప్పుడు ఈ మాట ఎందుకెత్తానంటే, పాట ఉన్న పొలమే లేదు. ఉండి ఊరు వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూశారుగా, రెండు పక్కలా చెరువులే, నీళ్ళు చిమ్మే చక్రాలే. ముందు చేపలు, తర్వాత టైగర్ రొయ్య, ఇప్పుడు వెనామీ. నేను దాన్ని తప్పు పట్టట్లేదు. మన ఇంటి చదువులు ఆ డబ్బుతోనే అయ్యాయి. వరి ఉన్న చోట కూడా ఊడ్పులకి మిషన్లు వస్తున్నాయి, కొంతమంది వెదజల్లేస్తున్నారు. దంపుళ్ళు నా చిన్నతనంలోనే మిల్లుకెళ్ళిపోయాయి. పడవలు లాకుల దగ్గర ఆగి మరి కదల్లేదు.

జాతరకి భీమవరం మావుళ్ళమ్మ గుడికి వెళ్తే గరగలు చూస్తారు. డప్పు దరువుకి తల మీద గరగ నిలబెట్టి ఆడతారు. ఆ దరువు ఇంకా బతికుంది, ఎందుకంటే దానికి అమ్మవారు ఉంది, మొక్కు ఉంది, ఏటేటా తిథి ఉంది. గొబ్బి పాటకి సంక్రాంతి ఉంది. హరిదాసుకి ధనుర్మాసం ఉంది. పనిపాటకి పనే దిక్కు. పని పోయింది, దానితో పాటే పాటా పోయింది. అందుకే ఈ ప్లేట్లు అవి వచ్చిన రోజు కన్నా ఇవాళ ఎక్కువ విలువైనవి. ఆ రోజు పాట పొలంలో ఉంది, ప్లేటు దానికి నీడ. ఇవాళ మనకి మిగిలింది నీడే, దాన్ని బట్టే మనిషి ఎంత ఎత్తో లెక్క కట్టుకోవాలి.

సరే, తెల్లారుతోంది. ఆ ప్లేట్లలో పాడయిపోనివి మీ పెదనాన్న సెల్లులోకి ఎక్కించాడు, తలంట్లయ్యాక అవి పెడతాను. ఎలా వినాలో చెప్తాను, అలా వినండి. మొదటిసారి గీరుడు చప్పుడు మీద చిరాకు పడకండి. కాసేపటికి చెవి దాన్ని పక్కన పెడుతుంది, గొంతులు దగ్గరికొస్తాయి. రెండోసారి పక్కవాద్యాన్ని వదిలేసి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో గమనించండి. అక్కడ ఒక రోకలి లేస్తోందనుకోండి, ఒక అడుగు వెనక్కి పడుతోందనుకోండి. పాట నిర్మాణం మొత్తం అందులో ఉంది. మూడోసారి ఒకళ్ళు ఎత్తుకోండి, మిగతావాళ్ళు అందుకోండి. జానపదం కూర్చుని వినేది కాదు, కలిసి పాడితేనే దాని రుచి.

ఇంకొక్కటి. పాట ఎక్కడ ఆగిందో చూసుకోండి. మూడు నిమిషాలకి ప్లేటు ఆగింది, కథ ఆగలేదు. కనుమ నాడు కొత్తబట్టలు తీసుకోవటానికి మన చెరువు మీద పనిచేసే వాళ్ళ ఇళ్ళల్లోంచి పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళలో ఊడ్పులు ఊడ్చిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, నా ఈడు వాళ్ళు, నాకన్నా పెద్దవాళ్ళు. వాళ్ళని నిలబెట్టి బట్టలిచ్చి పంపేయకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, కాఫీ ఇవ్వండి, ఈ పాట వినిపించండి. అయిపోయాక అడగండి: ‘మామ్మగారూ, తర్వాతేమైంది?’

వాళ్ళు చెప్తే రాసుకోండి, పాడితే నేర్చుకోండి, పాడినావిడ పేరు పక్కన రాసుకోండి. సీత–అనసూయ గార్లకి మనం చెయ్యగలిగిన సన్మానం ఇంతే. వాళ్ళు ఆపిన చోట నించి మనం అడగటం మొదలుపెట్టాలి. లేవండి, తలంట్లకి నీళ్ళు కాగాయేమో చూడండి.